జుమ్లా కొండల్ల మా ఆయన కాలిన జాగ

నేపాల్ దేశంల జుమ్లా పోయొచ్చి నెల దాటింది. అప్పటిసంది మా వాడకట్టుల ఎవరు ఎదురైనా గదే మాట. "గంత దూరం ఎట్ల పోయినవ్? ఏం తిన్నవ్? ఆడ ఏముంది?" ఒక్కొక్కరికి చెప్పుకుంట కూసుంటే నేను చుట్టే బీడీలు తెమలయి. పదో తరగతి దాక సదువుకున్న, రాసి పడేస్తే అయిపోతది అని రాస్తున్న. పోవద్దన్నోళ్లు గూడ సదవాలె. వాళ్లే ముందుగాల సదవాలె.

ఎరుక లేనోళ్ల కోసం మొదటికెల్లి చెప్త. నేను పుట్టింది సిరిసిల్లల, సాలోళ్ల ఇంట్ల. చేతి మగ్గాలు బందైతే మా బాపు మమ్ముల తీస్కొని బొంబాయి దిక్కు భీవండి పోయిండు. పదేండ్లు ఆన్నే పెరిగిన, హిందీ గట్లనే వచ్చింది. నన్నిచ్చింది కోరుట్ల పక్కన ఇబ్రహీంపట్నం దిక్కు ఊరికి. మా ఆయన గూడ సాలాయనే. మగ్గం ఇడిసిపెట్టి దుబాయి పోయిండు. మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయే అంటం.

పోయిన ఎండకాలం ఆయన నిద్రల్నే పానం ఇడిసిండని ఫోనొచ్చింది. ఇరవై దినాలకు పెట్టె వచ్చింది. పెయ్యంత బట్టల చుట్టి ఉంది. "మొఖం విప్పుదమా వదినా?" అని మా మరిది శంకర్ అడిగితే వద్దన్నది నేనే. నవ్వుకుంట బస్సెక్కిన మొఖం యాదికుంటే సాలనుకున్న. ఇందుల ఎవ్వరి మీద నెట్టను, నేనే అన్న.

రెండు నెలలకు ఆయన సంచి వచ్చింది, అండ్ల ఫోన్ ఉంది. చార్జింగ్ పెట్టి చూస్తే నేపాల్ నంబరు కెల్లి వచ్చిన ఒక ఫొటో. మట్టి మిద్దె ముంగట, తెల్ల బట్ట మీద మా ఆయన పండి ఉన్నడు. చుట్టూత టోపీలు పెట్టుకున్న మనుషులు, ఎనుక కొండ. మరి మేం కాల్చింది ఎవరిని?

అయింది ఏందంటే, ఆయన కంపెనీలనే హర్క అని నేపాలాయన గదే వారంల చచ్చిపోయిండు. శవాల గదిల పెట్టెల మీద కాయిదాలు తారుమారు చేసిండ్రు. మేం మా ఆయన అనుకొని కాల్చింది హర్కను. జుమ్లాల వాళ్లు పెట్టె తెరిచి, మొఖం చూసి, మావాడు కాదని తెలుసుకొని మాకు ఫోన్ చేసిండ్రు. ఎత్తింది శంకర్. "మా పని అయిపోయింది, మీది మీరు చూసుకోండి" అన్నడట. దాంతోని వాళ్లే మా ఆయనను ఆడ కాల్చిండ్రు. శంకర్ నాకు చెప్పలే. నిలదీస్తే "అయిపోయింది గద వదినా, ఇప్పుడు తవ్వితే నలుగురు నవ్వుతరు" అన్నడు.

నవ్వనీ! పదకొండో దినం నా గాజులు పలగ్గొట్టిండ్రు. ఎవరి కోసం? హర్క కోసం. హర్కకు నా గాజులకు ఏం సంబంధం? తెల్లారి కోరుట్ల పోయి డజను పచ్చ గాజులు ఏసుకొనొచ్చిన. వాడకట్టంత చెవులు కొరుక్కున్నది.

ఆ ఫొటో పంపిన హర్క తమ్ముడు ధన్ నాకు ఫోన్ చేసి హిందీల చెప్పిండు. "దిదీ, మా అమ్మ నమ్ముతలేదు. పెట్టెల వేరేటాయన అచ్చిండు గదా, అంటే నా కొడుకు యాడనో బతికే ఉన్నడంటది. కర్మ చెయ్యనిస్తలేదు. తొవ్వ చూసుకుంట ఆమె గూడ పోయేటట్టుంది. మీరొక్కసారి వచ్చి, హర్క మొఖం నా కండ్లతోని చూసిన అని చెప్పున్రి." నేను చూడలేదని చెప్పడానికి నోరు రాలే. వస్త అన్న.

"నేనొస్త. నా కొడుకు కాలిన జాగ నేను చూడొద్దా?" అని మా అత్త నర్సవ్వ చీర సంచిల పెట్టుకున్నది. అరవై దాటింది, కరీంనగర్ అవుతల చూసింది లేదు.

సరిహద్దుల పసుపు

రైలుల రెండు దినాలు అత్త కట్టుకొచ్చిన సర్వపిండి తిన్నం. లక్నో దాటి బస్సుల సరిహద్దు కాడ దిగితే, నేపాల్ పోలీసు మా సంచి ఇప్పి, రెండు కిలోల పసుపు పొట్లం చూసి నిలవడ్డడు. "యే క్యా హై?" అంట ముక్కు కాడ పెట్టుకుండు. చేనుల పండించి, ఉడకవెట్టి, ఎండవెట్టి, పట్టించిన పసుపు. అత్తకు మండింది. చిటికెడు తీసి తన నాలిక మీద ఏసుకొని, ఇంకో చిటికెడు ఆయన అరచేతిల పెట్టింది. "తిను బిడ్డా, సావవు. మీ అవ్వకు గూడ ఇంత కొంచవో" అన్నది తెలుగుల. ఆయనకేం సమజైందో గాని నవ్వి పొమ్మన్నడు.

మన వందకు ఆడ నూట అరవై ఇస్తరు. పైసలు పెరిగినయని అత్త ఒకటే సంబరం. చాయ్ ముప్పై రూపాయలు అనంగనే సంబరం దిగింది.

నేపాల్‌గంజ్ మన జగిత్యాల తీరుగనే ఉంటది, అదే ఉడుకు, అదే దుమ్ము. బస్టాండుల మాత్రం నేను నిలవడి చూసిన. ఇరవై ఏండ్ల పిలగాండ్లు కొత్త సూట్‌కేసులు పట్టుకొని, మెడల పూలదండలు, నుదుట బొట్లు, చుట్టూత ఆడోళ్లు ఏడ్సుకుంట. కొండలు దిగి దుబాయి పోతున్రు. మేం ఆ కొండలు ఎక్కపోతున్నం. కోరుట్ల బస్టాండుల గూడ నేను ఇట్లనే నిలవడ్డ. దండలు లేవు, గంతే తేడా.

మన్మ ఊర్ల చాయ్

సుర్ఖేత్ దాటినంక అసలు తొవ్వ షురువైతది. కొండగట్టు ఎక్కి అబ్బో ఎంత ఎత్తు అనుకున్నదాన్ని, గీ కొండలు చూసి నోరెళ్లబెట్టిన. ఒక దిక్కు గోడ తీరుగ రాయి, ఇంకో దిక్కు కింద కర్నాలి నది. నడుమ ఒక జీపు పట్టేంత తొవ్వ. ఎదురుంగ లారీ వస్తే మా జీపు ఎనుకకు పోవాలె. అత్త కండ్లు మూసుకొని రాజన్న దేవున్ని యాది చేసుకున్నది.

వానకాలం ఎల్లిపోయేటప్పుడు గద, ఒక కాడ కొండ జారి తొవ్వ మీద పడ్డది. జీపులు బందు. మనుషులు రాళ్ల మీదికెల్లి నడిచి అవుతల ఇంకో జీపు ఎక్కుతున్నరు. ఒకాయన వచ్చి ముసలమ్మను ఈపుల ఏసుకపోత అన్నడు. నేను అత్తకు తెలుగుల చెప్పిన.

"నన్ను ఎత్తుకపోవుడా? నేనింక సావలేదని చెప్పు ఆయనకు" అని కొంగు నడుముకు చెక్కి తనే నడిసింది. నడుమ ఒక చెప్పు కిందికి జారిపోయింది. ఆ చెప్పు నదిల పడ్డదాక చూసి, రెండోది గూడ ఇసిరికొట్టింది. అవుతల పోయినంక రెండు వందల యాభైకి రబ్బరు బూట్లు కొన్నం. చీర మీద బూట్లు. నవ్విన్నని నా మీద అలిగింది.

మన్మ ఊరు కొండ శిఖరం మీద ఉంటది. ఆడ చాయ్ దుకాణం పెద్దాయన హిందీ మాట్లాడుతడు. మా గురించి అడిగి, ఆయన గురించి చెప్పిండు. వాళ్ల తాత గొర్ల మీద చిన్న చిన్న సంచులు కట్టి, ఉత్తరాన మంచు కొండలు దాటి ఉప్పు తెచ్చేటోడట. ఉప్పు ఇచ్చి బియ్యం తీసుకునుడు. కింది దేశంకెల్లి అగ్గువ ఉప్పు వచ్చినంక గొర్లు పోయినయి. వాళ్ల బాపు చలికాలం హిందుస్తాన్ వచ్చి మూటలు మోసిండు. ఈయన బొంబాయిల వాచ్‌మన్ చేసిండు. కొడుకులిద్దరు మలేషియా.

నేను గూడ లెక్క చెప్పిన. మా తాత చేతి మగ్గం, మా బాపు భీవండి, మా ఆయన దుబాయి.

"మీకు కొండలు లేవు గదా, మీరెందుకు పోతరు?" అన్నడు నమ్మనట్టు.

"కొండలు ఉండి మీరు పోయిండ్రు, లేక మేం పోయినం. కొండలది ఏం తప్పుంది కాకా" అన్న.

ఆయన తల ఊపి, ఇంకో సంగతి చెప్పిండు. గీ కొండలల్ల సింజా అని ఉన్నదట, ఒకప్పుడు రాజులు ఆడ కూసోని మస్తు దూరం ఏలిండ్రట. నేపాల్ అంత మాట్లాడే భాష పుట్టింది ఆన్నేనట, రాళ్ల మీద రాసి ఉన్నదట. "ఇప్పుడు మేం నోరు తెరిస్తే కఠ్మాండులోళ్లు నవ్వుతరు" అన్నడు.

"మా మాటకు గూడ నవ్వెటోళ్లు మస్తు మంది ఉన్నరు. నవ్వనీ, మనకేం పోతది" అన్న. ఆయన చాయ్ పైసలు తీసుకోలే.

మిద్దె మీద మిద్దె

జుమ్లా పట్నం ఖలంగా కాడ ధన్ ఎదురొచ్చిండు. సన్నగ ఉన్నడు, ఇరవై ఐదుంటయి. అత్త కాళ్లు మొక్కిండు. ఆన్నుంచి తీలా నది పొంటి జీపుల పోయి, దిగి, సగం దినం ఎక్కుడే. ఎత్తుకు నా తలకాయ పలిగిపోయింది. ధన్ ఏవో మిరియాల అసొంటి గింజలిచ్చి నమలమన్నడు. నాలిక మొద్దువారి గంట సేపు మాట రాలే. అత్త మస్తు ఖుషీ అయింది.

ఊరు చూడాలె! కొండ ఏటవాలుకు మట్టి మిద్దెలు. కిందింటి మిద్దె మీదింటికి వాకిలి. నిచ్చెన ఏందంటే ఒక మొద్దుకు గాట్లు పెట్టి నిలవెట్టుడే. మిద్దెల మీద మిరపకాయలు, చిక్కుడు గింజలు, కోసిన ఆపిల్ ముక్కలు ఎండుతున్నయి. మనం పండుగకు నాలుగు కొనుక్కునే ఆపిల్లు ఆడ చెట్ల కింద రాలి పడి ఉన్నయి, ఆవులు తింటున్నయి. తొవ్వ లేక అమ్ముకోలేకపోతున్నరట. మన పసుపు ధర పడ్డప్పుడు మనం ఏడ్చిన ఏడుపే.

తిండి: ఎర్ర బియ్యం అన్నం, జిగటగ మస్తు రుచి. చేదుగుండే ఒక పిండి రొట్టె. ముట్టుకుంటే మండే ఆకుతోని కూర, పట్టకారుతోని తెంపుతరు. అత్త మా పసుపు ఇంత ఏసి "ఇప్పుడు కూర అయింది" అన్నది. పనంత ఆడోళ్లదే. కట్టెలు, నీళ్లు, చేను, అన్ని ఈపు మీద బుట్టల్నే. మగోళ్లు ఊర్లె లేరు. నడి వయసు మగాయన కనవడితే ఎప్పుడొచ్చినవ్ అని అడుగుడే.

ఒక సంగతి నచ్చలే. ముట్టయితే ఆడోళ్లను పశువుల కొట్టం పక్కన చిన్న గూడుల పండవెడ్తరట. సర్కారు వద్దన్నా ఇంక కొన్ని ఇండ్లల్ల ఉందట. మమ్ముల గూడ చిన్నప్పుడు గడప అవుతల చాప మీద కూసోవెట్టిండ్రు. ఆ గూడు చూస్తే అగ్గి పెట్టబుద్ధైంది.

ఆమా అడిగింది

హర్క తల్లిని అందరు ఆమా అంటరు, అంటే అవ్వ. ముడుతల మొఖం, ముక్కుకు పెద్ద బంగారు పుడక. మమ్ముల చూసి నవ్వింది, పొయ్యి కాడ కూసోవెట్టింది, కొడుకు మాట ఎత్తలే. హర్క భార్య జునా మెడల ఎర్ర పూసల దండ ఉంది. అది వాళ్ల పుస్తె అసొంటిది.

తెల్లారి ఎండల మిద్దె మీద కూసున్నం. అంతకు ముందే ధన్ మొద్దు నిచ్చెన కాడ నా చెయ్యి పట్టుకుండు. "ఒక్క మాట దిదీ. చూసిన అని. గంతే" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు చూసి సరే అన్న. అబద్ధం చెప్తాననే అనుకున్న.

ఆమా నా ముంగట కూసొని ధన్ హిందీల చెప్పేదాక గూడ ఆగలే. నా మొఖం రెండు చేతులతోని పట్టుకొని వాళ్ల మాటల్నే అడిగింది, హిందీకి దగ్గరుండి నాకు సమజైంది. "నా కొడుకు మొఖం చూసినవా?"

నోటికాడికొచ్చింది. రాలే. గా తల్లి కండ్లల్లకు చూసుకుంట అబద్ధం ఎట్ల చెప్పాలె?

"లేదు. చూడలే. విప్పొద్దన్నది నేనే" అన్న.

ధన్ తల దించుకుండు. ఆమా మొఖం ఎలిగింది. "చూడలే! అంటే వాడు బతికే ఉన్నడు. నేను చెప్తలేనా?" అని లేచి, ఆపిల్ ముక్కలు తిరగేసుడు షురూ చేసింది. రెండు దేశాల తొవ్వ నడిచొచ్చి ఆమెను ఇంక లోతుకు తోసిన్ననిపించింది. నా మీద నాకే అసహ్యమేసింది.

అత్త నా కొంగు గుంజింది. "ఏమంటాంది?"

చెప్పిన.

అత్త తన కాళ్ల దిక్కు చూసుకున్నది. తర్వాత "నేను చూసిన అని చెప్పు" అన్నది.

"ఏం చూసినవ్ అత్తా? నువ్వు గూడ చూడలే గదా."

"మొఖం కాదు. కాళ్లు. పసుపు పూసింది నేను గదా. బట్ట మడిచి కాళ్లకు పూసిన. కుడికాలికి చిటికెన ఏలు లేదు. పక్కపొంటి నరికిన మచ్చ. పాతది."

నేను హిందీల చెప్పకముందే అత్త బూటు ఇడిసి, కుడికాలు మిద్దె మీద సాపింది. చిటికెన ఏలు మడిచి పట్టుకొని, అరచెయ్యిని గొడ్డలి తీరుగ పక్కకు కొట్టి చూపించింది.

జునా చేతిలకెల్లి చాట జారి పడ్డది. ఆమా నిలవడ్డకాన్నే కూలవడ్డది. చిన్నప్పుడు హర్క కట్టెలు కొడుతుంటే కాలు మీద గొడ్డలి పడ్డదని ధన్ నాకు చెప్పిండు, ఏడ్సుకుంట. ఆమా పాకుకుంట వచ్చి అత్త కాలు పట్టుకున్నది. ఏలు మీద చెయ్యి పెట్టుకొని, కొండలు అదిరేటట్టు ఏడ్చింది. ఇన్ని నెలలల్ల అదే మొదటిసారట.

నేను అత్త దిక్కు తిరిగిన. "తెలిసి గూడ నాకు చెప్పలేదా?"

"చెప్తే ఏమైతది పిల్లా? ఇవి నా కొడుకు కాళ్లు గావు. అంటే నా కొడుకు యాడనో బతికే ఉన్నడు. నోరు తెరిస్తే మీరు ఎతుకుతరు. ఎతికితే దొరుకుతడు." మొఖం తుడుచుకున్నది. "నువ్వు ఫొటో చూపించిందాక రెండు నెలలు బతికిండు వాడు. నా ఒక్కదానికే."

నాకు కోపమొచ్చింది. ఆ దినం ఒక్క మాట అంటే మా ఆయన ఇంటికొచ్చేటోడు, గీ తల్లికి గీ కొడుకు దొరికేటోడు. కాని విప్పొద్దని నేను మొఖం కప్పిన, ఆమె కాళ్లు కప్పింది. ఎవరిని అనాలె? ఆ రెండు నెలలు అత్త కడుపునిండ తిన్నది, ఊరంత గుండెరాయి ముసల్ది అన్నరు, నేను గూడ అన్న. ఆమా పక్కన అత్త కూసున్నది చూసి ఆ మాట తలుచుకుంటే సిగ్గైంది.

జునా చేతులు మెడల పూసల మీదికి పోయినయి. తెంపకుంట నేను పట్టుకున్న. ఆమా ఏడ్సుకుంటనే నా గాజులు చూసి, "నీ మొగుడు పోయినంక గూడ ఏసుకున్నవా?" అన్నది.

"ఏసుకున్న. మా ఊరంత అడిగింది, నువ్వు గూడ అడుగు" అన్న.

అడుగలే. జునా చేతులు కిందికి దించుకున్నది.

తీలా ఒడ్డు

మర్నాడు మమ్ముల నది కాడికి తీస్కపోయిండ్రు. ఆకుపచ్చ నీళ్లు, తెల్ల గుండ్లు. వానకు బూడిదంత కొట్టుకపోయింది, రెండు నల్ల రాళ్లు మాత్రం మిగిలినయి. ఆన్నే మా ఆయన కాలిండు. నిప్పు పెట్టింది ధన్. గుండు కొట్టించుకొని, పదమూడు దినాలు తెల్లబట్ట కట్టి, ఒంటిపూట తిన్నడట, పేరు సుత ఎరుక లేని మనిషికి.

"ఎందుకు చేసినవ్ తమ్మీ?" అన్న.

"మా ఇంటికొచ్చిండు గదా దిదీ" అన్నడు.

మా మరిది ఫోన్ల ఇచ్చిన జవాబు యాదికొచ్చి తల ఎత్తలేకపోయిన.

అత్త ఆ రాళ్ల కాడ కూసొని "మల్లేశా" అని పిలిచింది. మూడుసార్లు. మా దిక్కు పాడెను నడుమ తొవ్వల దింపి, చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు. దింపుడు గల్లం అంటం. పానం ఏమన్న మిగిలుంటే లేస్తడని ఆశ. నేను గూడ పిలిచిన. పెండ్లయి పద్దెనిమిది ఏండ్లాయె, ఆయన పేరు నోటెంట రానియ్యలే. ఆడ గట్టిగ పిలిచిన, నది సప్పుడు మించి.

ఇదేందని ఆమా అడిగింది. చెప్పిన.

"నా కొడుకును గూడ పిలిచిండ్రా?"

"పిలిచినం."

"ఏమని?"

"మల్లేశా అని."

"అయితే వాడెట్ల పలుకుతడు?" అన్నది ఆమా. "వాణ్ని వాడి పేరుతోని పిలువాలె. నువ్వు పిలువాలె, ఈమె పిలువాలె. నాకు ఇనవడాలె."

మా ఊరి కాడు

మా దిక్కు ఆడోళ్లు కాటికి పోరు. ఇంటికి చేరిన మర్నాడే పొద్దుగాల అత్త, నేను బయలెల్లినం. శంకర్ గడప కాడ అడ్డం నిలవడ్డడు.

"ఆడోళ్లు పోతే ఊరికి అరిష్టం వదినా. ఊరోళ్లు ఏమంటరు?"

"ఏమన్నా అననీ. పెట్టె వచ్చినప్పుడు ఊరోళ్లు ఏం చేసిండ్రు? జుమ్లాకెల్లి ఫోనొస్తే నువ్వేం చేసినవ్? నిన్ను ఎన్నడు ఎరుగనాయన మీ అన్నకు గుండు కొట్టించుకుండు. జరుగు."

"జరుగురా" అన్నది అత్త. జరిగిండు.

నడుమ తొవ్వల, మేం పాడె దింపిన జాగల ఆగినం. ఎనుక జనం జమైండ్రు. నేను వీడియో కాల్ చేసిన. వాళ్ల ఊర్లె సిగ్నల్ లేదని ధన్ వాళ్లవ్వను కొండ మీదికి తోల్కపోయిండు. ఎనుక గాలి సప్పుడు.

"హర్కా" అని నేను పిలిచిన. "హర్కా" అని అత్త పిలిచింది. మూడోసారి ఫోన్లకెల్లి ఆమా పిలిచింది. ఆమె గొంతు మా చింత చెట్ల దాక పోయింది. ఆమా చెవి ఫోనుకు పెట్టుకొని మస్తు సేపు ఇన్నది.

"పలుకలే" అన్నది.

అత్తకు నేను చెప్పాల్సిన పని పడలే. ఫోన్ నా చేతిలకెల్లి తీసుకున్నది.

"పలుకలేదక్కా" అన్నది తెలుగుల. "నేను గూడ ఇన్న."